బర్నౌట్ అనుకున్నదాంట్లో రక్తహీనత ఎంత? 31 ఏళ్ల వయసులో ఆటిజం నిర్ధారణ: తిరుపతి నుంచి ఒక కేస్ స్టడీ

ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాం. ఒకే తరహాలో వచ్చే కేసుల్లోని అంశాలను కొన్ని ఇందులో కలిపాం. పెద్దవాళ్లలో ఆటిజం అసెస్‌మెంట్ చేసే సైకాలజిస్టులకు, తమకు ఆటిజం ఉందని సొంతంగా తేల్చుకున్న పాఠకులకు ఉపయోగపడాలని రాస్తున్నాం.

వచ్చిన కారణం

31 ఏళ్ల మహిళ. బీకాం చదివింది. పెళ్లి కాలేదు. తిరుపతిలో అమ్మానాన్నలతో ఉంటుంది. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా ఉద్యోగం. అందులో ఎనిమిదేళ్లు రికార్డుల గదిలోనే: హాల్‌టికెట్లు, మార్కుల జాబితాలు, టీసీలు. ఏడాది కిందట ఫీజు కౌంటర్‌కు మార్చారు. ఆ తరువాత సాయంత్రం ఇంటికి రాగానే లైటు ఆర్పేసి పడుకోవడం, ఆదివారమంతా ఎవరితోనూ మాట్లాడకపోవడం, నెలకు మూడు నాలుగు సెలవులు మొదలయ్యాయి.

"నాకు ఆటిజం ఉంది. ఇప్పుడు బర్నౌట్‌లో ఉన్నా. దానికి కాగితం కావాలి" అన్నది ఆమె మొదటి మాట. బర్నౌట్ అంటే ఒత్తిడిని తట్టుకుని తట్టుకుని ఇక శక్తి లేనంతగా అలసిపోవడం. వెంట 14 పేజీల ఫైలు తెచ్చుకుంది. అంతకుముందు చూపించుకున్న చోట పది నిమిషాల్లో తేల్చేశారట: డిగ్రీ చదివావు, ఉద్యోగం చేస్తున్నావు, కళ్లలోకి చూసి మాట్లాడుతున్నావు, నీకు ఆటిజం ఏంటమ్మా అని. నిద్రమాత్రలు రాసి పంపారు.

ఆ మూడు కారణాల్లో ఒక్కటీ ఆటిజాన్ని తోసిపుచ్చదు. లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉండాలి గానీ, సామాజిక అవసరాలు శక్తిని మించేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చనీ, నేర్చుకున్న ఉపాయాల కింద దాగి ఉండవచ్చనీ మానసిక నిర్ధారణలకు ప్రమాణ గ్రంథంగా 2013లో వచ్చిన డీఎస్ఎం-5లోనే స్పష్టంగా ఉంది. ఇక కళ్లలోకి చూడటం సంగతి. ఎలా చూస్తావని అడిగితే ఆమె చెప్పింది: "బొట్టును చూస్తా. మూడు లెక్కపెట్టి కాగితం వైపు చూస్తా. బొట్టు లేకపోతే కనుబొమల మధ్య." అవతల కూర్చున్నవారికి ఇది చక్కటి చూపులాగే కనబడుతుంది. దీనికి తిరగబడ్డ చిక్కు కూడా మన ప్రాంతంలో ఉంది. పెద్దల ముందు తలదించుకుని మాట్లాడటం మర్యాదగా నేర్చుకున్న ఆడపిల్ల చూపు కలపకపోతే దాన్ని లక్షణంగా రాసుకోకూడదు. చూపు ఉందా లేదా అని కాక, దానికోసం లోపల ఎంత లెక్క నడుస్తోందో అడగాలి.

కాగితం ఎందుకని మొదటి రోజే అడిగాం. మూడు అవసరాలు బయటపడ్డాయి. తనకు తాను అర్థం కావాలి. కౌంటర్ నుంచి మార్పించుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్‌కు పనికొస్తుందేమో చూడాలి. మొదటిదానికి అసలు కాగితమే అక్కర్లేదు. రెండోదానికి ఒక సిఫార్సు లేఖ చాలు. మూడోదానికి మెడికల్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ తప్ప మరేదీ చెల్లదు. ఈ తేడా ముందే చెప్పకపోతే చివర్లో పెద్ద నిరాశ తప్పదు.

ఆన్‌లైన్ స్కోర్లు చెప్పేది, చెప్పనిది

ఆటిజం లక్షణాలను అంచనా వేసే మూడు ప్రశ్నావళులను ఆమె ఆన్‌లైన్‌లో నింపింది. 50 ప్రశ్నల ఏక్యూలో 37 వచ్చాయి, కటాఫ్ (అనుమానించదగ్గ గీత) 32. 80 ప్రశ్నల రాడ్స్-ఆర్‌లో 240కి 148, కటాఫ్ 65. మాస్కింగ్‌ను, అంటే లక్షణాలను దాచుకోవడాన్ని కొలిచే 25 ప్రశ్నల క్యాట్-క్యూలో 175కి 134, కటాఫ్ 100. మూడూ గీత దాటాయి కాబట్టి ఖాయమనుకుంది.

ఏక్యూ 2001 నాటిది, రాడ్స్-ఆర్ 2011లో వచ్చింది. రాడ్స్-ఆర్‌ను క్లినిక్‌లో నిపుణుల సమక్షంలో నింపించాలని తయారుచేశారు. ఇప్పుడు అందరూ ఫోన్లో ఒంటరిగా నింపుతున్నారు. ఆటిజం అనుమానంతో వచ్చినవాళ్లలో ఉన్నవాళ్లను, లేనివాళ్లను విడదీయడంలో అది బలహీనమని తరువాతి పరిశీలనల్లో తేలింది. తీవ్రమైన ఆందోళన, డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం) ఉన్నవాళ్లకు కూడా 65 సులభంగా దాటుతుంది. దాని జవాబుల్లో కాలం ఇమిడి ఉంటుంది: ఇప్పుడూ చిన్నప్పుడూ, ఇప్పుడు మాత్రమే, 16 ఏళ్లలోపు మాత్రమే, ఎన్నడూ లేదు. మనసు కుంగినప్పుడు నింపితే బాల్యమంతా ఇవాళ్టి రంగులోనే కనబడుతుంది, "ఇప్పుడూ చిన్నప్పుడూ" అన్న గడిలోనే టిక్కులు పడతాయి. క్యాట్-క్యూలో ఎక్కువ వచ్చిందంటే లోపలిది దాచుకుంటున్నారని అర్థం. ఆ దాచేది ఆటిజమేనా అన్నది ఆ స్కోరు తేల్చదు. ఏక్యూలో పార్టీకన్నా లైబ్రరీ ఇష్టమా అన్న ప్రశ్నకు ఆమె బంధువుల ఇంట్లో పుట్టినరోజు ఫంక్షన్లను తలుచుకుని జవాబిచ్చింది. అక్కడ అసలు కష్టం జనం కాదు, సౌండ్‌బాక్సులు.

ఫైలును మొదటి సెషన్‌లో తీసుకున్నాం గానీ చదవలేదు. మా ఇంటర్వ్యూలు పూర్తయ్యాకే చదివాం. ముందే చదివితే అందులోని క్రమంలోనే మా ప్రశ్నలూ నడుస్తాయి. చదివాక చూస్తే శబ్దం, వెలుతురు, దినచర్య, మాటల్లో వెనకబడటం, ఇవన్నీ ఆమె కచ్చితంగా పట్టుకుంది. చాలా రిఫరల్ లెటర్లకన్నా మెరుగ్గా రాసింది. అయితే ఫైలులో రెండు పెద్ద ఖాళీలున్నాయి. పన్నెండేళ్ల వయసుకు ముందు సంగతి ఒక్కటీ లేదు. ఏడాదిగా పడుతున్న ప్రతి బాధకూ ఒకే కారణం రాసి ఉంది. సొంత నిర్ధారణలు సాధారణంగా తప్పేది ఈ రెండు చోట్లే.

అమ్మతో రెండు గంటలు

ఈ కేసును తేల్చింది ఈ సెషనే. పెద్దవాళ్ల అసెస్‌మెంట్‌లో అయిదేళ్లలోపు సంగతులు తెలిసిన మనిషి దొరికితే సగం పని అయినట్టే. అమ్మ లేకపోతే అమ్మమ్మ, పెద్దమ్మ, మేనత్త, ఎవరైనా సరే. "చిన్నప్పుడు మామూలుగానే ఉండేదా?" అని మాత్రం అడగకూడదు. "బాగానే ఉండేది" అనే జవాబే వస్తుంది. అడగవలసింది పని గురించి: ఆకలేస్తే ఎలా చెప్పేది, వేలు చూపేదా, మీ చెయ్యి పట్టుకుని డబ్బా మీద పెట్టేదా, పిలిస్తే తిరిగేదా, గుజ్జనగూళ్లు ఆడేటప్పుడు వండి పెట్టేదా లేక గిన్నెలు వరుసగా పేర్చి ఊరుకునేదా.

వయసు గుర్తులేకపోతే సంఘటనలతో కట్టాలి. ఇక్కడి కుటుంబాలకు తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించిన రోజు బాగా గుర్తుంటుంది. ఆ రోజుకు నడక వచ్చిందా, మాటలెన్ని, క్యూలో ఎలా ఉంది అని అడిగితే ఏళ్ల లెక్కకన్నా గట్టి జవాబులు వస్తాయి. తమ్ముడు పుట్టకముందా తరువాతా, బడిలో వేయకముందా, ఇలా రెండు మూడు మేకులు కొట్టుకుంటే చాలు.

అమ్మ చెప్పినవి: మాటలు ఆలస్యం కాలేదు, పైగా ముందే వచ్చాయి. కానీ ఇంట్లో అందరూ మన చిత్తూరు మాట మాట్లాడుతుంటే పిల్ల మాత్రం టీవీ వార్తలు చదివినట్టు మాట్లాడేది. తమ్ముణ్ణి "మీరు" అనేది, చుట్టాలు నవ్వేవాళ్లు. ఇప్పటికీ కౌంటర్‌కు వచ్చే పదో తరగతి పిల్లల్ని కూడా "మీరు" అనే అంటుంది. గంగజాతర వారమంతా ఆమెను ఊళ్లో ఉంచేవాళ్లు కాదు. "డప్పు కొడితే చెవులు మూసుకోని మంచం కిందికి పొయ్యేది మేడం. వేషాలోళ్లు వీధిలోకొస్తే ఊపిరాడనట్ల ఏడ్చేది. నాలుగేండ్లు ఉంటాయేమో అప్పటికి. జాతరొస్తే మా అమ్మ వాళ్లింటికి పంపేసేదాన్ని." వేషాలకు జడిసి ఏడ్చే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకోలేదు. కుక్కర్ విజిల్‌కూ, బడి గంటకూ, తల దువ్వడానికీ ఇదే తీరు, పదేళ్లు దాటినా తగ్గలేదు. అన్నంలో పప్పు కలిస్తే తినదు. సంగటి జిగట నోటికి తగలకూడదు. ఆకు కనబడితే పళ్లెం తోసేసేది.

ఇంట్లో నోటుపుస్తకాలుంటే తెమ్మన్నాం. సంచిలో పదకొండు తెచ్చారు. ఆరో తరగతి నుంచి రాసినవి: పాత సినిమాల టైటిల్స్‌లోంచి సినిమా పేరు, సంవత్సరం, సంగీతం, గాయకులు, నిలువు గడులుగా. సంవత్సరం ఎర్ర సిరాతో. ఒక గడిలో తప్పు పడితే కొట్టివేత ఉండదు, పేజీ మొత్తం తిరగరాసి పాతది చించిన ఆనవాలు కుట్టు దగ్గర కనబడుతుంది. పాటలంటే ఇష్టం లేని ఆడపిల్ల ఉండదు కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. ఆటిజం ఉన్న ఆడవాళ్లలో ఆసక్తి విషయం తరచూ మామూలుగానే ఉంటుంది, దాని తీవ్రతే వేరు. అందుకే రైళ్ల టైంటేబుళ్లకోసం వెతికే కళ్లకు ఇది కనబడదు. తేదీలతో సహా దొరికిన ఈ పుస్తకాలు ఏ ప్రశ్నావళికన్నా బలమైన ఆధారం. పాత ప్రోగ్రెస్ కార్డులు, వాటి మీద క్లాస్ టీచర్ రాసిన ఒకటి రెండు ముక్కలు, ఫంక్షన్ల వీడియోలు కూడా ఇలాగే పనికొస్తాయి.

అమ్మను చివరగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మీరు పది రోజులు ఊరెళితే ఈమెకు రోజు ఎలా గడుస్తుంది? ఆమె కాసేపు ఆలోచించి, అసలు వెళ్లనే లేదంది. గ్యాస్ బుకింగ్, బ్యాంకు, టైలరు, ఫోన్లు ఎత్తడం, కూరగాయలు, అన్నీ అమ్మే. నిర్ధారణకు రోజువారీ జీవితంలో ఇబ్బంది ఉండాలన్నది ఒక ప్రమాణం. పెళ్లికాని పిల్లలు అమ్మానాన్నల దగ్గరే ఉండే మన ఇళ్లలో ఆ ఇబ్బంది అమ్మ చేతుల్లో కరిగిపోతుంది. ఉద్యోగం ఉంది కదా అని ఇబ్బంది లేదని రాసేస్తే పొరపాటు.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతోంది

కౌంటర్ అద్దం కింద ఒక చీటీ పెట్టుకుంది: ఫీజు ఎంత అంటే ఇది, ఆఖరు తేదీ అంటే ఇది, రసీదు పోయిందంటే ఇది. చీటీలో లేని ప్రశ్న వస్తే నోరు కట్టేస్తుంది. ఫీజు తగ్గించమని అడగలేక ఒక తండ్రి "కాస్త చూడండి మేడం" అన్నాడు. ఆమె రసీదు మళ్లీ చూసి "చూశానండీ, సరిగ్గానే ఉంది" అంది. ఆయనకు కోపం వచ్చింది, ఎందుకొచ్చిందో ఆమెకు సాయంత్రం దాకా తెలియలేదు.

సోషల్ యాంగ్జైటీ నుంచి ఆటిజాన్ని వేరుచేసేది ఇలాంటి చోటే. సోషల్ యాంగ్జైటీ ఉన్న మనిషికి ఆ తండ్రి ఏం అడుగుతున్నాడో తెలుస్తుంది, జవాబు చెప్పడానికి భయం, తనను ఏమనుకుంటాడోనని దిగులు. ఈమెకు భయం కన్నా ముందు అసలు అడిగిందేమిటో అందలేదు. ఈమెలో ఆందోళన కూడా ఉంది గానీ అది ఇలాంటి అనుభవాలు పోగుపడి తరువాత వచ్చింది.

అందుకు భిన్నమైన కేసులూ మాకు వస్తాయి. ఇంజనీరింగ్ చదివిన ఒక యువకుడు ఇలాంటి స్కోర్లతోనే వచ్చాడు. పదో తరగతి దాకా వీధిలో క్రికెట్ జట్టు కట్టిందే అతను. ఇంటర్ హాస్టల్లో రెండేళ్లు వేధింపులు పడ్డాక జనంలోకి వెళ్లడం మానేశాడు. ఆటిజం కాదు. మొదలైన వయసే తేడా చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడు అతను బాధపడ్డాడు, చాలామంది పడతారు. లేదని చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఉన్నదేమిటో కూడా చెప్పి దాని చికిత్స అదే రోజు మొదలుపెట్టాలి.

మళ్లీ మన కేసుకు. ఎదురుగా కూర్చోబెట్టి పరిశీలించే ఆటిజం పరీక్ష ఏడాస్-2లో ధారాళంగా మాట్లాడే పెద్దల కోసం ఉన్న నాలుగో మాడ్యూల్ చేశాం. దాదాపు గంట పడుతుంది. స్కోరు కటాఫ్ అంచున వచ్చింది. బాగా మాస్క్ చేసే ఆడవాళ్లలో ఇది తరచూ జరిగేదే. ఈ కిట్, దానికి శిక్షణ ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉండరు. లేనంతమాత్రాన నిర్ధారణ ఆగదు. చరిత్ర, పరిశీలన, ప్రమాణాలు కలిపి క్లినిషియన్ తీసుకునే నిర్ణయమే నిర్ధారణ, పరికరం దానికి సాయం.

ఇంకేం ఉంది

ఏడీహెచ్‌డీ స్క్రీనింగ్ కటాఫ్ లోపలే. వినికిడి పరీక్ష మామూలు. డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 27కి 16, అంటే చికిత్స అవసరమయ్యే స్థాయి డిప్రెషన్. చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి విడిగా, సూటిగా అడిగాం. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఆ ప్రమాదం ఎక్కువ, పైగా సూచనగా అడిగితే అందదు. లేవని చెప్పింది. అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాం.

ఆమె మెట్లెక్కి వచ్చి రొప్పుతుండటం, కింది రెప్ప తెల్లగా ఉండటం చూసి రక్తపరీక్షలు రాయించాం. హిమోగ్లోబిన్ 8.6. ఆ వయసు ఆడవాళ్లకు 12 ఉండాలి. ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) 7, చాలా తక్కువ. థైరాయిడ్ మామూలు. నెలసరి ఏడెనిమిది రోజులు బాగా ఎక్కువగా అవుతుందని అప్పుడు చెప్పింది. ముందెందుకు చెప్పలేదంటే, "ఎవరూ అడగలేదు" అంది. ఈ జవాబును నిర్లక్ష్యం కింద కట్టకూడదు. ఒంట్లో ఏం జరుగుతోందో గమనించడం, దాన్ని చెప్పదగ్గ విషయంగా గుర్తించడం, రెండూ ఆటిజంలో కష్టం కావచ్చు. అందుకే జాబితా పెట్టుకుని ఒక్కొక్కటీ అడగాలి: నిద్ర, మలబద్ధకం, నెలసరి, పళ్లు, తలనొప్పి.

ఏం తింటుందో వారం రోజులు రాయించాం. పెరుగన్నం, చక్కెరతో ఇడ్లీ, ఒకే రకం బిస్కెట్, కాఫీ. ఆకుకూర లేదు, పప్పు లేదు, సంగటి లేదు. కాబట్టి ఆమె తేల్చుకున్నది తప్పు కాదు, కానీ ఆ ఒక్క పేరు మీదే ఆగి ఉంటే నష్టపోయేది. ఆటిజం వల్ల తిండి కుంచించుకుపోయింది. ఆ తిండి, నెలసరి కలిసి రక్తం తగ్గించాయి. రక్తం తగ్గి అలసట వచ్చింది. దాన్నంతా బర్నౌట్ ఖాతాలో రాసుకుంది. బర్నౌట్‌కు విశ్రాంతి చాలనుకుని ఆర్నెల్లుగా సెలవులు పెడుతోంది, విశ్రాంతితో ఫెర్రిటిన్ పెరగదు.

తేల్చినది

డీఎస్ఎం-5 ప్రకారం సామాజిక సంభాషణకు సంబంధించిన మూడూ ఉండాలి, ఉన్నాయి. పునరావృత ధోరణుల నాలుగింటిలో కనీసం రెండు కావాలి: ఇంద్రియ సున్నితత్వం, మార్పు పడకపోవడం, తీవ్రమైన ఆసక్తి, ఇలా మూడున్నాయి. బాల్యం నుంచి ఉన్నదానికి అమ్మ మాట, నోటుపుస్తకాలు సాక్ష్యం. ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్, మేధో వైకల్యం లేదు, భాషా లోపం లేదు. వెంట డిప్రెషన్, ఇనుము లోపం వల్ల రక్తహీనత. రిపోర్టులో మూడూ రాశాం.

సర్టిఫికెట్ దగ్గర మాత్రం ఆమె అనుకున్నట్టు కాలేదు. మన దేశంలో ఆటిజం వైకల్య శాతాన్ని లెక్కగట్టేది ఇసా స్కేలుతో. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. మొత్తం 70 వస్తే 40 శాతం వైకల్యం, అంతకు తక్కువైతే మామూలు కిందే లెక్క. పిల్లల ప్రవర్తన మీద దృష్టి పెట్టిన స్కేలు కావడంతో ఉద్యోగం చేసుకునే, మాస్క్ చేసే పెద్దవాళ్లకు అంకెలు పెరగవు. మేం వేసినప్పుడు 63 వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కు 40 శాతం వైకల్యం తప్పనిసరి. అందులోనూ ఆటిజం వాటా, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యాలతో పంచుకునే ఒక్క శాతమే. సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్ బుక్ చేసుకుని బోర్డు ముందుకు వెళ్లే హక్కు ఆమెకుంది. వాళ్లు మళ్లీ సొంతంగా అంకెలు వేస్తారు, మా రిపోర్టుకు కట్టుబడరు. వచ్చే అవకాశం తక్కువని దాచకుండా చెప్పాం. స్కోరును 70కి చేర్చి రాయమని అడిగేవాళ్లుంటారు. అది రాసిచ్చేవాళ్ల వల్లే నిజంగా అర్హత ఉన్నవాళ్లను కూడా బోర్డులు అనుమానంగా చూస్తున్నాయి.

చేసిన పని

ముందు రక్తం. ఫిజీషియన్ మొదట ఇనుము సిరప్ రాశారు. దాని తుప్పు రుచికి వాంతి చేసుకుంది, రోజుకొకటి చొప్పున పూత ఉన్న 100 మి.గ్రా. మాత్రకు మార్చారు. కాఫీ, పెరుగు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, ఆమె రోజంతా తినేదేమో ఆ రెండే. అందుకని లేవగానే నిమ్మరసం నీళ్లతో మాత్ర, గంట దాటాక కాఫీ, పెరుగన్నం మధ్యాహ్నానికి. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే భయపడి ఆపేస్తారు. కడుపులో మంట మొదలయ్యాక రోజు విడిచి రోజుకు మార్చారు. గైనకాలజిస్టు స్కాన్‌లో గడ్డలేమీ లేవు, రక్తస్రావానికి మందిచ్చారు. సైకియాట్రిస్టు సెర్ట్రలిన్ 25 మి.గ్రా.తో మొదలుపెట్టి రెండు వారాలకు 50 చేశారు. ఆటిజం మూల లక్షణాలకు మందు లేదు, ఇది డిప్రెషన్‌కు. ఎలా ఉందంటే "తెలీదు" అనే ఆమె, నిద్ర ఎన్ని గంటలు, వణుకు ఉందా లేదా అని గడుల కాగితం ఇస్తే చక్కగా నింపింది.

ఆఫీసుకు ఒక పేజీ లేఖ. ఆమె కోరిక మీద అందులో ఆటిజం అన్న మాట లేదు. ఇంద్రియ సున్నితత్వం ఉన్న ఆరోగ్య స్థితి అని రాసి, నాలుగు సూచనలిచ్చాం: కౌంటర్ పని రోజుకు రెండు గంటలకు మించకుండా లేదా తిరిగి రికార్డుల గది, ఆదేశాలు వాట్సాప్‌లో రాతపూర్వకంగా, నోట్లు లెక్కపెట్టే మెషిన్‌కు దూరంగా సీటు, పని మార్పు ఏదైనా రెండు రోజుల ముందే చెప్పడం. డయాగ్నసిస్ పేరు పెట్టి సూచనలు లేకుండా ఇచ్చే లేఖ ఆఫీసులో పనికిరాదు, మేనేజరుకు ఏం చేయాలో తెలియదు. మానసిక ఆరోగ్య సమాచారాన్ని గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది.

పన్నెండు వారాలకు హిమోగ్లోబిన్ 11.3, పీహెచ్‌క్యూ-9 స్కోరు 8. మెట్లెక్కితే ఆయాసం లేదు, ఆదివారాలు అమ్మతో మాట్లాడుతోంది. కౌంటర్ మీద కూర్చున్న రోజు సాయంత్రం మాత్రం ఇంకా లైటార్పి పడుకుంటుంది. రికార్డుల గదిలో ఉన్న రోజు పడుకోదు. అంటే మిగిలిన అలసట కౌంటర్‌దే. ఈ లెక్కతో రెండో లేఖ ఇచ్చాక కౌంటర్ పూర్తిగా తీసేశారు.

అందరికీ ఇంత అసెస్‌మెంట్ కావాలా? మనసు కుదురుగా ఉండి, ఉద్యోగం సాగుతూ, సర్టిఫికెట్ అక్కర్లేని మనిషి తనకు ఆటిజం ఉందనుకుని చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే, రోజుకు ఒక గంట ఒంటరిగా గడిపితే, దానికి ఎవరి ముద్రా అవసరం లేదు. చావు ఆలోచనలు, ఇరవై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడటం, బరువు తగ్గడం, మద్యం అలవాటు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సొంత నిర్ధారణతో ఆగకూడదు. ఇంకొక మాట. ఖరీదు తక్కువ కాబట్టి, ఆటిజం అసెస్‌మెంట్ చేయించుకున్నా మానినా హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోమంటాం.

పెళ్లి సంబంధాల మాట ఇంకా తేలలేదు. చెప్పకుండా చేద్దామని నాన్న, చెప్పాకే చూపులని ఆమె. అమ్మ ఎటూ చెప్పలేదు. మా రిపోర్టు రెండు ప్రతులుగా ఇచ్చాం: వైద్యులకు పూర్తిది, ఆమె ఎవరికైనా చూపదలిస్తే రెండు పేజీలది. రెండూ ఆమె దగ్గరే ఉన్నాయి, నాన్న అడిగితే ఇవ్వడం ఆమె ఇష్టం. తదుపరి సమీక్ష ఆరు నెలలకు, ఫెర్రిటిన్ రిపోర్టుతో.